మోర్స్ కీ మీద టిప్పు వారసురాలు

1980ల మొదట్లో డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ నుంచి సెకండ్ లెఫ్టినెంట్‌గా బయటికొచ్చి, సిగ్నల్స్ కోర్‌లో చేరిన కొత్తలో నాకు ఒక హవల్దారు దగ్గర పాఠం దొరికింది. ఎత్తయిన కొండల మీద మా పోస్టు. చలికాలం, అర్ధరాత్రి డ్యూటీ. ఆయన చెవులకు హెడ్‌ఫోన్స్, చేతిలో పెన్సిల్. అవతలి స్టేషన్ నుంచి మోర్స్‌లో సందేశం వస్తోంది. నాలుగు అక్షరాలు రాసుకున్నాడో లేదో పెన్సిల్ ఆపి నా వైపు చూశాడు. రోజూ వచ్చే ఆపరేటర్ కాదు సాబ్, ఇవాళ కీ మీద వేరే మనిషి ఉన్నాడన్నాడు. కాల్‌సైన్ అదే, ఫ్రీక్వెన్సీ అదే. ఎలా తెలిసిందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. తెల్లారాక విచారిస్తే నిజమే. పాత ఆపరేటర్‌కు జ్వరం వస్తే ఆస్పత్రికి దించారట.

చేతిరాత మనిషికో తీరుగా ఉన్నట్టే మోర్స్ కీ కొట్టే తీరూ మనిషికో రకంగా ఉంటుంది. ఒకరు గీతను కాస్త సాగదీస్తారు, ఇంకొకరు చుక్కల మధ్య ఖాళీని మింగేస్తారు. మా సిగ్నల్స్ భాషలో దాన్ని ఫిస్ట్ అంటారు. నేను చేతివరస అంటాను. ఆ చేతివరస మీద ప్రాణాలు ఆధారపడిన కాలం ఒకటుంది. ఆ కాలానికి చెందిన ఒక భారతీయ మూలాల యువతి కథ ఇది. ఆమె పేరు నూర్ ఇనాయత్ ఖాన్.

పదవీ విరమణ తర్వాత నేను హ్యామ్ రేడియో పెట్టుకున్నాను. వేకువజామున 40 మీటర్ల బ్యాండ్ తిప్పుతుంటే సన్నగా మోర్స్ వినిపిస్తుంది. ఇప్పుడు కంప్యూటర్ ఉంది, ఉపగ్రహం ఉంది, ఇంకా ఈ టిక్కుటక్కులు ఎందుకు అంకుల్ అని కుర్ర హ్యామ్‌లు అడుగుతుంటారు. వాళ్లకు సాంకేతిక కారణాలు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. నూర్ గురించి చెబుతాను.

నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాకు చెందిన సంగీత విద్వాంసుడు, పాశ్చాత్య దేశాలకు సూఫీ బోధనను తీసుకెళ్లిన గురువు. తల్లి ఓరా రే బేకర్ అమెరికన్. పెళ్లయ్యాక అమీనా బేగం అయ్యింది. ఇనాయత్ ఖాన్ తాత మౌలా బఖ్ష్ బరోడా సంస్థానంలో సంగీత పాఠశాల స్థాపించినవాడు. ఆయన ఇల్లాలు మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ వంశానికి చెందినది. 1799లో శ్రీరంగపట్నం కోట దగ్గర ఇంగ్లిషువారితో పోరాడుతూ నేలకొరిగిన టిప్పు రక్తం ఆ దారిన నూర్‌కు వచ్చింది. అదే ఇంగ్లిషువారి తరఫున శత్రుదేశంలోకి దిగడం ఆమె జీవితంలోని వింత మలుపు.

మొదటి ప్రపంచయుద్ధం ముంచుకొస్తుండగా కుటుంబం లండన్ చేరింది. 1920లో ఫ్రాన్స్‌కు మారింది. పారిస్ శివారు సురేన్‌లో శిష్యులు సమకూర్చిన ఫజల్ మంజిల్ అనే ఇంట్లో నూర్, తమ్ముళ్లు విలాయత్, హిదాయత్, చెల్లెలు ఖైరున్నీసా పెరిగారు. ఇల్లంతా వీణ, ప్రార్థన, అతిథులు. 1927లో భారత్ వచ్చిన తండ్రి ఢిల్లీలో కన్నుమూశాడు. నిజాముద్దీన్‌లో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. తల్లి దుఃఖంతో గదికే పరిమితమైపోతే, పదమూడేళ్ల నూర్ ఆ ఇంటికి పెద్దదిక్కయింది.

ఆమె సోర్బాన్‌లో బాలల మనస్తత్వశాస్త్రం చదివింది. సంగీతం నేర్చుకుంది, వీణ వాయించింది. పిల్లల కథలు రాసి పత్రికలకూ పారిస్ రేడియోకూ ఇచ్చింది. బుద్ధుడి జాతక కథల్లోంచి ఇరవై ఎంచుకుని పిల్లల కోసం ఆమె తిరిగి చెప్పిన పుస్తకం 1939లో లండన్‌లో అచ్చయింది. వానర రాజు తన ఒంటినే వంతెన చేసి గుంపును దాటించే కథ జాతకాల్లో ఉంది. అలాంటి కథలు చెప్పుకుంటూ బతకాలనుకున్న మనిషి ఆమె. పుస్తకం వచ్చిన ఏడాదే యుద్ధమూ వచ్చింది.

1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. శరణార్థుల ప్రవాహంలో పడి కుటుంబం ఓడరేవు చేరి, ఇంగ్లండ్‌లోని ఫాల్మత్‌లో దిగింది. అహింసను నమ్మిన సూఫీ ఇంటి పిల్లలకు అప్పుడు ఎదురైన ప్రశ్న చిన్నది కాదు. కళ్ల ముందు మారణహోమం జరుగుతుంటే పక్కకు తప్పుకుని కూర్చోవడం ధర్మమేనా? కాదనుకున్నారు అక్కాతమ్ముళ్లు. ప్రమాదం ఎక్కువున్న పనులే తీసుకోవాలని నూర్, విలాయత్ నిర్ణయించుకున్నారు. 1940 నవంబరులో నూర్ బ్రిటిష్ వాయుసేన మహిళా సహాయక విభాగంలో చేరింది. అక్కడ ఆమెను వైర్‌లెస్ ఆపరేటర్ శిక్షణకు పంపారు. కథల రచయిత్రి చేతికి మోర్స్ కీ వచ్చింది.

చలికి వేళ్లు వాచి ఆమె కీని గట్టిగా, బరువుగా కొట్టేదట. తోటివారు దానిమీద ఒక ఆటపట్టింపు పేరు కూడా పెట్టారు. కానీ సంగీతం తెలిసిన చెవి ఆమెది. మోర్స్‌ను చుక్కలు, గీతలుగా లెక్కపెట్టేవాడికి అది ఎప్పటికీ రాదు. లయగా వినేవాడికే వస్తుంది. మా శిక్షణలోనూ మృదంగం, తబలా కాస్త తెలిసిన జవాన్లు మిగతావారికంటే ముందు పాసవడం నేను చూశాను.

1942లో వాయుసేన అధికారుల ఇంటర్వ్యూలో ఆమెను భారత స్వాతంత్ర్యం గురించి అడిగారు. ఈ యుద్ధం సాగినంత కాలం బ్రిటన్ పక్షాన ఉంటానని, అది ముగిశాక తన దేశ స్వేచ్ఛ కోసం నిలబడాల్సి రావచ్చని ఆమె దాపరికం లేకుండా చెప్పిందని జీవితచరిత్రకారులు రాశారు. ఉద్యోగం కావాల్సిన మనిషి ఇంటర్వ్యూలో చెప్పే మాట కాదది. అబద్ధం ఆడలేని ఆ స్వభావమే తర్వాత ఆమె పై అధికారులను కలవరపెట్టింది.

చర్చిల్ హయాంలో 1940లో ఏర్పడిన స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ (ఎస్‌ఓఈ) ఆక్రమిత దేశాల్లో విధ్వంసక చర్యలు, ప్రతిఘటన దళాల నిర్వహణ చూసేది. ఫ్రెంచి మాతృభాషలా మాట్లాడే, మోర్స్ వచ్చిన మనిషి వాళ్లకు బంగారం. 1943 ఫిబ్రవరిలో నూర్‌ను తీసుకున్నారు. శిక్షకుల నివేదికలు అంత బాగాలేవు. మరీ సున్నితం, ఆయుధాలంటే బెదురు, ఈ పనికి తగదని కొందరు రాశారు. అయినా ఫ్రెంచి విభాగాధిపతి మారిస్ బక్‌మాస్టర్ ఆమెనే ఎంచుకున్నాడు. కారణం స్పష్టం. పారిస్‌లో ఆపరేటర్ల కరవు. శిక్షణ పూర్తికాకుండానే పంపించారు. ఒక సైనికాధికారిగా ఈ విషయం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మనిషి తక్కువైనప్పుడు శిక్షణను కుదించడం ప్రతి సైన్యానికీ ఉన్న జబ్బు. దాని ఖరీదు కుదించినవాడు కట్టడు.

1943 జూన్ 16 రాత్రి, పున్నమి వెలుగులో, లైసాండర్ అనే చిన్న విమానం ఆమెను ఫ్రాన్స్‌లోని ఆంజే పట్టణం సమీపంలోని పొలంలో దించింది. బయల్దేరే ముందు విమానాశ్రయంలో వీరా అట్కిన్స్ అనే అధికారిణి తన కోటుకున్న వెండి పిట్ట బ్రోచ్‌ను తీసి నూర్‌కు ఇచ్చింది. మారుపేరు జాన్-మరీ రెనియే, వృత్తి పిల్లల ఆయా. రహస్యనామం మదలేన్. బ్రిటన్ నుంచి ఆక్రమిత ఫ్రాన్స్‌కు వెళ్లిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది.

ఆపరేటర్ పని ఎంత ప్రమాదకరమో చెప్పాలి. సెట్టు ఒక సూట్‌కేసులో పట్టేది, పదిహేను కిలోల దాకా తూగేది. ఏరియల్ కోసం ఇరవై మీటర్ల తీగ కావాలి. దాన్ని కిటికీలోంచి చెట్టు మీదికో పైకప్పు మీదికో లాగాలి. కీ నొక్కిన క్షణం నుంచి జర్మన్ల దిశానిర్ధారణ వాహనాలు ఆ సంకేతం ఎటునుంచి వస్తోందో వెతకడం మొదలుపెడతాయి. అరగంట అదే చోట ఉంటే వీధిదాకా వచ్చేస్తాయి. పారిస్‌లో ఒక ఆపరేటర్ నిలిచే కాలం సగటున ఆరు వారాలని ఎస్‌ఓఈలోనే చెప్పుకునేవారు.

ఆమె దిగిన వారం, పది రోజుల్లోనే పిడుగు పడింది. ఆమె చేరాల్సిన ప్రాస్పర్ దళం నాయకుడు ఫ్రాన్సిస్ సటిల్ సహా ముఖ్యులంతా పట్టుబడ్డారు. సెట్లు, సంకేతాలు, చిరునామాలు జర్మన్ల చేతికి చిక్కాయి. వెనక్కి వచ్చెయ్యమని లండన్ చెప్పింది. ఆమె రానంది. తాను వస్తే పారిస్‌కూ లండన్‌కూ మధ్య మాట తెగిపోతుందని, మళ్లీ దళాన్ని కట్టుకునేదాకా ఉంటానని తెలియజేసింది. ఆరు వారాల మనిషి మూడు నెలలకు పైగా నిలిచింది. ఇల్లు మార్చింది, జుట్టు రంగు మార్చింది, చిన్ననాటి పరిచయస్తుల ఇళ్లలో తలదాచుకుంది. పట్టుబడ్డ ఆపరేటర్ల పని కూడా ఆమె మీద పడింది.

ఆమె జీవితచరిత్రల్లో ఒక ఉదంతం కనిపిస్తుంది. మెట్రో రైల్లో ఇద్దరు జర్మన్ సైనికులు ఆ సూట్‌కేసు ఏమిటని అడిగారు. సినిమా ప్రొజెక్టర్ అని చెప్పి, మూత కొంచెం తెరిచి చూపించింది. వాళ్లు తలూపి వెళ్లిపోయారు. అబద్ధం ఆడలేదని శిక్షకులు తీసిపారేసిన మనిషే ఆమె!

అక్టోబరు మధ్యలో ఆమె ఆచూకీ జర్మన్లకు అందింది. దళానికి తెలిసిన ఒక స్త్రీయే డబ్బుకు అమ్మేసిందన్న ఆరోపణ ఉంది. యుద్ధం తర్వాత కోర్టు ఆ స్త్రీని నిర్దోషిగా వదిలేసింది. పట్టుకోవడానికి గదిలో కాచుకుని కూర్చున్నవాడి మణికట్టును నూర్ రక్తం వచ్చేలా కొరికిందట. పారిస్‌లోని 84, అవెన్యూ ఫోష్‌లో ఉన్న జర్మన్ భద్రతా విభాగం కార్యాలయానికి ఆమెను తీసుకెళ్లారు. వెళ్లిన కాసేపటికే స్నానాలగది కిటికీలోంచి తప్పించుకోబోయి దొరికిపోయింది. నవంబరు 25 రాత్రి మరో ఇద్దరు ఖైదీలతో కలిసి పైకప్పు కిటికీ ఊచలు తొలగించి డాబా మీదికి ఎక్కింది. సరిగ్గా అప్పుడే వైమానిక దాడి సైరన్ మోగడం, గార్డులు ఖైదీలను లెక్కపెట్టడం, అందరూ మళ్లీ పట్టుబడడం జరిగిపోయాయి. ఇక పారిపోనని సంతకం పెట్టమంటే ఆమె పెట్టలేదు. విచారణలో ఒక్క పేరూ చెప్పలేదు. ఆ సంగతి యుద్ధానంతరం జర్మన్ అధికారులే ఒప్పుకున్నారు.

ఇక్కడ ఆమె పొరపాటు గురించి కూడా రాయాలి. వీరుల కథల్లో పొరపాట్లు దాచడం మనకు అలవాటు, దానివల్ల తర్వాతి తరానికి పాఠం దక్కదు. తాను పంపిన సందేశాల నకళ్లన్నీ ఆమె ఒక నోటుబుక్కులో దాచింది. ఇచ్చిన ఆదేశంలో ఒక మాటను ఆమె అపార్థం చేసుకోవడం వల్లే అలా జరిగి ఉంటుందని చరిత్రకారుల ఊహ. ఆ పుస్తకం, ఆ సెట్టు రెండూ శత్రువు చేతిలో పడ్డాయి. ఆమె నోరు తెరవకపోయినా, ఆమె పాత సందేశాలు చదివి జర్మన్ ఆపరేటర్లు ఆమె పద్ధతిని అనుకరించారు. మదలేన్ ఇంకా స్వేచ్ఛగానే ఉన్నట్టు లండన్‌తో మాట్లాడడం మొదలుపెట్టారు. జర్మన్లు దీన్ని ఫుంక్‌ష్పీల్ అనేవారు. రేడియో ఆట అని అర్థం.

లండన్‌లో ఎవరికీ అనుమానం రాలేదా? వచ్చింది. సంకేతాల విభాగం అధిపతి లియో మార్క్స్ ఆమెకు వెళ్లేముందు ఒక ప్రత్యేకమైన గుర్తు నేర్పాడు. పట్టుబడితే పద్దెనిమిది అక్షరాల తాళంపదం వాడాలని. ఆ గుర్తుతోనే సందేశం వచ్చిందని, పైవారికి చెప్పానని, అయినా వాళ్లు ఆమె క్షేమంగా ఉందనే ఆశను వదులుకోలేదని మార్క్స్ తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. ఫలితం ఘోరం. 1944 ఫిబ్రవరి చివరి రోజు రాత్రి, నూర్ సెట్టు ద్వారా ఖరారైన చోట కొందరు ఏజెంట్లు పారాచూట్లతో దిగారు. కింద వాళ్లకోసం ఎదురుచూస్తున్నది జర్మన్లు. అలా పట్టుబడినవారిలో మదలేన్ డామర్మాఁ అనే ఫ్రెంచి యువతి ఉంది. ఆమె పేరు మళ్లీ వస్తుంది.

రెండోసారి పారిపోబోయిన తర్వాత నూర్‌ను జర్మనీకి తరలించారు. ఫోర్త్‌స్‌హైమ్ జైల్లో పది నెలలు ఒంటరి కొట్టు, చేతులకూ కాళ్లకూ సంకెళ్లు. రాత్రిలో, పొగమంచులో కలిసిపోవాల్సిన ఖైదీ అని ఆమె మీద ముద్ర. అంటే ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు, పేరు ఎక్కడా మిగలకూడదు. తోటి ఖైదీలతో మాట నిషిద్ధం. అప్పుడు ఆమె ఏం చేసింది? అన్నం తినే రేకు గిన్నె అడుగున తన పేరు గీకింది. గిన్నెలు కడగడానికి వెళ్లి, మళ్లీ పంచేటప్పుడు మరో కొట్టుకు చేరతాయి కదా. అక్కడి ఖైదీ చదివి, తన గిన్నె మీద జవాబు గీకేది. కీ లేదు, తీగ లేదు, విద్యుత్తు లేదు. అయినా సందేశం చేరింది. యుద్ధం తర్వాత ఆమె జాడ తేలడానికి ఆ గిన్నెల మీద గీతలు చదివినవారి సాక్ష్యమూ తోడ్పడింది. అప్పటిదాకా ఆమె వేరే శిబిరంలో చనిపోయిందనే వీరా అట్కిన్స్ కూడా పొరపడింది.

1944 సెప్టెంబరు 11న నూర్‌నూ మరో ముగ్గురు మహిళా ఏజెంట్లనూ రైల్లో డాకౌ శిబిరానికి తీసుకెళ్లారు. 13వ తేదీ తెల్లవారుజామున నలుగురినీ కాల్చి చంపారు. యోలాండ్ బీక్‌మన్, ఎలియాన్ ప్లూమన్, మదలేన్ డామర్మాఁ, నూర్. తన సెట్టును వాడి పట్టుకున్న మనిషి పక్కనే ఆమె చివరి ఘడియలు గడిచాయి. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికైనా తెలిసిందా అన్నది వాళ్లతోనే పోయింది. నూర్ వయసు అప్పటికి ముప్ఫై.

ఫ్రాన్స్ ఆమెకు క్రాయ్ ద గెర్ ఇచ్చింది. బ్రిటన్ 1949లో జార్జ్ క్రాస్ ప్రకటించింది. 2012లో లండన్ గోర్డన్ స్క్వేర్‌లో విగ్రహం పెట్టారు. మన దగ్గర? మన పాఠ్యపుస్తకాల్లో టిప్పు గురించి వాదోపవాదాలు ఉన్నాయి గానీ ఈ మనవరాలి ఊసు లేదు. బ్రిటిష్ యూనిఫాం వేసుకుంది కాబట్టి మనది కాదనుకున్నామేమో. అలాగైతే రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన పాతిక లక్షల భారత సైనికులూ మనవారు కాకుండాపోతారు.

ఇప్పుడు మోర్స్ దగ్గరికి వస్తాను. యుద్ధం మొదలవగానే బ్రిటన్‌లో హ్యామ్‌ల ట్రాన్స్‌మిటర్లను స్వాధీనం చేసుకున్నారు. ఆ తర్వాత ఆ హ్యామ్‌లనే పిలిచి, ఇళ్లల్లో కూర్చుని శత్రువుల మోర్స్ విని రాసివ్వమన్నారు. బ్లెచ్లీ పార్క్‌కు చేరిన సంకేత సందేశాల్లో కొన్ని ఆ స్వచ్ఛంద శ్రోతలు పట్టినవే. ఏ సైన్యమూ పదిరోజుల్లో తయారు చేసుకోలేని చెవులు అవి. సరదాగా నేర్చుకున్న విద్య దేశానికి ఆయుధమైంది.

ఆ విద్య క్రమంగా కొడిగట్టింది. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడల ఆపద సంకేతాలు ఉపగ్రహాలతో కూడిన కొత్త వ్యవస్థకు మారాయి. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు హ్యామ్ లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి కాదని, ఏ దేశానికి ఆ దేశం నిర్ణయించుకోవచ్చని తేల్చింది. బ్రిటన్ ఆ ఏడాదే వదిలేసింది, అమెరికా 2007 ఫిబ్రవరిలో. మన దేశంలో నేను యువకుడిగా ఉన్నప్పుడు కింది గ్రేడుకు నిమిషానికి ఐదు పదాలు, పై గ్రేడుకు పన్నెండు పదాల వేగం కావాల్సి వచ్చేది. తర్వాత మోర్స్ లేకుండానే లైసెన్సు ఇచ్చే తరగతి ఇక్కడా వచ్చింది. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిలో మనిషి వినాల్సిన పనే లేదు. కంప్యూటర్లే మాట్లాడుకుంటాయి.

అయినా మోర్స్ చావలేదు. కారణం మొండితనం ఒక్కటే కాదు, భౌతికశాస్త్రం కూడా. రేడియోలో మనిషి గొంతు పంపాలంటే సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు 150 చాలు. ఉన్న శక్తినంతా ఆ సన్నని దారిలో పోస్తే, గొంతు వినిపించని రొదలోనూ చుక్క, గీత వినిపిస్తాయి. పిడికెడు విడిభాగాలతో ట్రాన్స్‌మిటర్ కట్టుకోవచ్చు. ఐదు వాట్లతో, అంటే చిన్న రాత్రిదీపం పాటి శక్తితో, ఖండాలు దాటిన హ్యామ్‌లు ఎందరో ఉన్నారు. 2004 డిసెంబరు సునామీనాడు అండమాన్‌లో మామూలు సమాచార వ్యవస్థ కుప్పకూలితే, అప్పటికే హ్యామ్ ప్రయోగం కోసం అక్కడున్న హైదరాబాద్ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందమే బయటి ప్రపంచానికి కబురు అందించింది. ఆ కబురు ఎక్కువగా గొంతుతోనే వెళ్లింది. కానీ సెట్టును, గాలిని, రొదను ఎరిగిన మనుషులు అక్కడ ఉండడమే అసలు సంగతి.

సైన్యం మళ్లీ మోర్స్‌తో యుద్ధం చేయాలని నేను అనడం లేదు. నూర్ జీవితంలోంచి ఈనాటి రక్షణరంగం తీసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, సంకేతం పంపినవాడు దొరుకుతాడు. 2023 కొత్త సంవత్సరం రోజున ఉక్రెయిన్‌లోని మకీవ్కాలో తమ సైనికుల స్థావరం మీద దాడి జరగడానికి వారి మొబైల్ ఫోన్ల వాడకమే ప్రధాన కారణమని రష్యా రక్షణ శాఖే చెప్పింది. పారిస్ వీధుల్లో తిరిగిన వాహనాలకూ నేటి డ్రోన్లకూ సూత్రం ఒక్కటే. రెండోది, అవతల ఉన్నది మనవాడేనని ఎలా నమ్మాలి? ఆనాడు చేతివరసను అనుకరించారు, ఈనాడు కృత్రిమ మేధతో కమాండర్ గొంతునే అనుకరించగలరు. యంత్రం సరిపోలిందని చెప్పినా, ఏదో తేడాగా ఉందని చెప్పే మనిషి మాటను పై అధికారి వినాలి. లండన్ వినలేదు. నా హవల్దారు చెప్పింది మాత్రం ఆ రాత్రి నేను రిజిస్టరులో రాసుకున్నాను.

పోయిన చలికాలం నా దగ్గరికి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని వచ్చింది. లైసెన్సుకు అవసరం లేకపోయినా మోర్స్ నేర్పమంది. ఎందుకమ్మా అంటే, ఊరికే అంది. మొదటి వారం చుక్కలు లెక్కపెట్టింది. నెల తిరిగేసరికి వినడం మొదలుపెట్టింది. ఇప్పుడు వేకువన బ్యాండ్ మీద పది సంకేతాల మధ్యలో ఉన్నా, కాల్‌సైన్ రాకముందే ఆ పిల్లను గుర్తుపడతాను. గీతను కాస్త సాగదీస్తుంది. సరిదిద్దలేదు, ఉండనిచ్చాను.

(రచయిత సైన్యంలో సిగ్నల్స్ విభాగం విశ్రాంత అధికారి)